ఆగిన కలం

ఆఖరి బెంచీ ముసలాయన మళ్లీ చెయ్యెత్తాడు.

క్లాసంతా ఉసూరుమంది.

"ఒక మెట్టు మీదుంటే పై మెట్టెక్కొచ్చు, సరే. అసలు మొదటి మెట్టెక్కినట్టు ఎవరు చూశారు బాబూ?"

లెక్చరరు విసుక్కోలేదు. బోర్డు తుడిచి ఇండక్షన్ నిరూపణను మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.

ముసలాయనకు సరిగ్గా ముందు కూర్చున్న అమ్మాయికి ఒళ్లు మండింది. మండుతూనే, నోట్సులో మధ్యలో వదిలేసిన వరుసను పూర్తిచేసింది.

డిస్క్రీట్ మ్యాథ్స్ ఆమె ఇదివరకే ఒకసారి తప్పింది. తోటివాళ్లు 'పాతకాపు' అని పేరు పెట్టారు. ఈసారీ తప్పితే చదువు మాని కొట్లో కూర్చోవాలని అన్నయ్య తేల్చేశాడు. చూస్తే పరీక్ష నెత్తి మీదుంది, సిలబస్ సగంలో ఉంది.

ముసలాయన ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో ఎవరికీ తెలీదు. పొద్దుపోక వస్తున్నాడన్నారు. ఏమీ లేనిది సమితి ఎలా అవుతుందని ఒకనాడు అడిగాడు. వానొస్తే గొడుగు తెస్తానన్నవాడు వాన రాని రోజున తెస్తే అబద్ధమాడినట్టా అని ఇంకోనాడు.

ఆవేళ క్లాసవగానే ఆమె ఆయనకు అడ్డంగా నిలబడింది.

"తాతగారూ, పరీక్ష మీకు లేదు. మాకుంది."

"అవునమ్మా."

"మీ సందేహాలతో మా పుణ్యకాలం కాస్తా గడిచిపోతోంది. ఊరికే కూర్చోలేరా?"



"నువ్వెప్పుడూ ఏమీ అడగవేమ్మా?"

"అడిగితే నవ్వుతారు."

"నన్ను చూసి రోజూ నవ్వుతూనే ఉన్నారుగా. అరిగిపోయానా?"

ఆమె పక్కకు తప్పుకుంది.

మర్నాడు ఆయన రాలేదు.

పాఠం పరుగందుకుంది. ఆమె సంబరపడింది.

బోర్డు రెండోసారి నిండేసరికి ఆమె కలం ఆగింది. ఎవరైనా అడుగుతారని చూసింది. ఎవరూ అడగలేదు. లెక్చరరు బోర్డు తుడిచేశాడు. మళ్లీ నిండింది. మళ్లీ తుడిచాడు.

వెనక్కి తిరిగింది. బెంచీ ఖాళీ.

క్లాసయ్యాక లెక్చరరు దగ్గరికి వెళ్లింది.

"తాతగారు ఇక రారాండీ?"

రారనీ, పొద్దున్నే ఊరికి వెళ్లిపోయారనీ చెప్పాడు లెక్చరరు. తన పాఠం ఎలా ఉందో చూసి చెప్పమని తానే రప్పించుకున్నాడట. ఆ తాతగారు తనకు ఈ పాఠం నేర్పిన మాస్టారట.

"మరి అన్నీ తెలిసే అడిగేవారా?"

లెక్చరరు చేతుల సుద్దపొడి దులుపుకున్నాడు.

"నేనూ ఇదే అడిగానమ్మా. 'నా ముందు కూర్చునే పిల్ల కలం ఆగినప్పుడల్లా చెయ్యెత్తుతున్నానురా' అన్నారు."