కుడి దిక్కు ముల్లు

“ముల్లు ఎడమకే పడ్తాంది. డైనమో సచ్చింది. ఈ బండి నడిమిట్ల ఆగుతది,” అన్నాడు ఐలేశం.

దొర లారీకి అతడు డ్రైవరు. దొర ఆ లారీని రజాకార్లకు అప్పజెప్పాడు. జడ్చర్ల షెడ్డు ముందు శ్రావణం ముసురులో వాళ్లు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల జమేదారు లోపలికి తల పెట్టి స్టీరింగు పక్కనున్న అమ్మీటరును చూశాడు. డైనమో బ్యాటరీని నింపుతుంటే దాని ముల్లు కుడికి పోతుంది, బ్యాటరీ ఖర్చవుతుంటే ఎడమకు. అక్షరం రానివాడికైనా తెలిసే గుర్తు.

“పోయినసారి గుట్టల నడుమ బండి ఆగింది. సంఘపోళ్లు రాళ్లతోని మా తలకాయలు పగలగొట్టిండ్రు. అప్పట్నించి డ్రైవర్ మాట నమ్మ. డ్రైవర్ ఝూట్ చెప్తడు, ముల్లు చెప్పదు. చాయ్ తాగొచ్చేలోపు ముల్లు కుడికి రావాలె. లేకుంటే నీ తోలు వొలుస్త. ఎర్రగట్టుకు ఇయ్యాల్నే పోవాలె.”

రొట్టెల మూటతో వచ్చిన ఐలేశం భార్య నర్సింగమ్మ గుంజ పక్కనే ఆగిపోయింది. ఎర్రగట్టు ఆమె పుట్టిన ఊరు. సర్కారుకు లెవీ గింజలు ఇచ్చేది లేదని ఎదురు తిరిగిన ఊరు. ఆమె తమ్ముడు మల్లప్ప అక్కడే ఉన్నాడు. నడిచిపోయి చెప్పేంత దగ్గర కాదు.

జమేదారు అటు పోగానే మొగుడి మీదికి లేచింది.

“ఏం జేస్తవ్?”

“బాగు జేస్త.”

“నీ బామ్మర్ది కొంప కాలవెట్టనీకా?”

“చెయ్యకుంటే ఇంకో బండి తెస్తరు.”

“తేనియ్యి! నీ చేతులెందుకు పెడ్తవ్?”

ఐలేశం లారీలోకి ఎక్కాడు. బానెట్ అయినా ఎత్తకుండా చిన్న పానా తీసుకుని స్టీరింగు కింద వెల్లకిలా పడుకున్నాడు. అమ్మీటరు వెనక చేతులు పెట్టి ఏదో విప్పాడు, బిగించాడు. ఆమె తిడుతూనే ఉంది.

జమేదారు వచ్చేసరికి లైట్లు వెలిగాయి. హ్యాండిల్ తిప్పగానే ఇంజిను అందుకుంది. ముల్లు కుడికి ఒరిగింది.

“శభాష్!” జమేదారు ఐలేశం వీపు తట్టాడు.

నర్సింగమ్మ రొట్టెల మూటను బురదలోకి విసిరికొట్టింది.

“దొర కుక్కా! నా గడప తొక్కకు!”

ఐలేశం గేరు వేశాడు. లారీ ముసురులో కలిసిపోయింది.

మర్నాడు పొద్దు గూకేటప్పుడు అతడు కుంటుకుంటూ వచ్చాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. లారీ వాగు కాడ ఆగిపోయిందని, సంఘపోళ్లు తరిమితే రజాకార్లు చెల్లాచెదురైపోయారని మేకలోళ్ల సోమమ్మ అప్పటికే చెప్పింది. ఎర్రగట్టు దాకా ఒక్కడూ పోలేదు.

నర్సింగమ్మ గడపకు అడ్డం నిలబడింది.

“ముల్లు కుడికే ఉండె గదా, ఎట్ల ఆగింది?”

“ఆగేదాంక కుడికే ఉండె. గా జమేదారు దాన్నే చూసుకుంట కూసున్నడు.”

“అయితే దేవుడే ఆపిండు. నువ్వు కాదు.”

“ముంతెడు నీళ్లియ్యి.”

“బండి బాగు జేసిన చేతులకు నేను నీళ్లియ్య.”

ఐలేశం గోడకు చేరగిలబడి, గ్రీజు మరకల చేతులను చూసుకున్నాడు.

“బాగెక్కడ జేసిన, ముల్లు ఎనకటి తీగలు అటుదిటు మార్చిన.”