ఏ చెయ్యి కట్టుకున్నావు?

"నా బట్టల కత్తెరతో పాల ప్యాకెట్టు కోసిందెవరు?"

"కత్తెర ఉన్నది కొయ్యడానికే కదా!" అన్నాడు భర్త, తన తెలివికి తానే మురిసిపోతూ.

"అలాగే. రేపు మీ గడ్డం బ్లేడుతో కూరలు తరుగుతాను."

అత్తగారు నవ్వారు. కోడలు నవ్వలేదు. పొద్దున్నే ఫోన్లో వచ్చిన మెసేజ్‌కి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుంది ఆమెకు.

"మళ్ళీ ఆ వంకలావిడేనా?" అడిగారు అత్తగారు.

"ఇంకెవరు! పట్టీ అందడం లేదని తిప్పి పంపింది. పొడుగు చేసి పంపాను. అయినా అందలేదట! ఇప్పుడేమో 'ఏ చెయ్యి కట్టుకుని చూశావమ్మా?' అని వెటకారం."

కోడలు కుట్టి అమ్మేవి ఒంటిచేత్తో తొడుక్కునే చొక్కాలు. గుండీలుండవు. ఒక పక్కగా అంటుకునే పట్టీ ఉంటుంది. 'ఒక చెయ్యి కట్టుకుని, తొడిగి చూశాకే అమ్ముతాను' అని ప్రకటనలో రాసుకుంది కూడా.

ఆ ఆలోచన ఆకాశం నుంచి ఊడిపడలేదు. చేతిలో పెట్టుబడి లేక, జనం ఏమేం వెతుకుతున్నారో ఉచితంగా చూపించే వెబ్‌సైట్లన్నీ నెలల తరబడి గాలించింది. గాలిస్తుంటే, పక్షవాతం వచ్చినవాళ్ళు తమ కష్టసుఖాలు రాసుకునే పేజీ ఒకటి కంటబడింది. అందులో 'ఒంటిరెక్క' అనే మారుపేరుతో ఎవరో పదేపదే రాసేవారు. గుండీ పెట్టించుకోవడానికి పక్కింటి తలుపు తట్టడం ఎంత నామోషీయో, పట్టీ ఎంత వెడల్పుంటే వేళ్ళకు చిక్కుతుందో, అన్నీ.

కోడలు పొల్లుపోకుండా అలాగే కుట్టింది. అమ్మకం ఊపందుకుంది.

"ఆ మనిషెవరో కనబడితే కాళ్ళకు దండం పెడతాను" అనేది ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో.

వంకలావిడకు మాత్రం టకటకా జవాబు కొట్టింది: 'ఉచిత సలహాలు నాకక్కర్లేదు. నచ్చకపోతే కొనకండి.'

ఆ నంబరు బ్లాక్ చేసి, "పీడ వదిలింది!" అంది.

మధ్యాహ్నం, తరవాత ఏం కుట్టాలో చూద్దామని ఆ పేజీ తెరిచింది. ఒంటిరెక్క కొత్తగా ఏదో రాసింది. చదివింది. మళ్ళీ చదివింది. ఒక చొక్కా, ఒక చున్నీ తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

భోజనాల దగ్గరికి కుడిచేతిని చున్నీతో నడుముకు కట్టుకుని వచ్చింది. ఎడమచేత్తో చెంచా పట్టుకుంది.

"ఇదేం వేషం?" అన్నాడు భర్త.

"ఇలాగే మన చొక్కాతో కుస్తీ పట్టాను. పట్టీ అందలేదు. కుట్టిన ప్రతిసారీ నేను కట్టుకుని చూసింది ఎడమచెయ్యే. కుడిచెయ్యి పడిపోయినవాళ్ళుంటారని తట్టనే లేదు, బుద్ధిలేనిదాన్ని! రేపటి నుంచి అమ్మకం ఆపేస్తున్నాను. కుడిచెయ్యి పడిపోయినవాళ్ళకీ, ఎడమచెయ్యి పడిపోయినవాళ్ళకీ విడివిడిగా కుట్టాకే మళ్ళీ."

"మతి పోయిందా? ఆర్డర్లు వరదలా వస్తుంటే, ఆ వంకలమారి కోసం..."

"ఆవిణ్ణి ఒక్క మాటన్నా ఊరుకోను!" చెంచా కంచంలో ఖంగుమంది. "బ్లాక్ తీసి ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తడం లేదు."

"ఎవరే ఆవిడ?" అన్నారు అత్తగారు.

"'చొక్కా దొరికింది, ఎడమచెయ్యి పడిపోయినవాళ్ళు కొనుక్కోండి, కుట్టు బంగారం, నాది కుడిచెయ్యని చెప్పబోతే ఆ అమ్మాయి ఉచిత సలహాలొద్దంది, ఇక నేనెక్కడా రాయను' అని రాసేసి వెళ్ళిపోయింది అత్తయ్యా, మన ఒంటిరెక్క."