కొంగ వరసకు మొదటి చెయ్యి

ముప్పై ఒక్క ఏళ్ల తగువు ఆ పూట తేలిపోవాలి. ఓడినవాడు మోకాళ్ల మీద కూర్చుని గెలిచినవాడికి టీ అందించాలి. చచ్చేదాకా 'అన్నా' అని పిలవాలి. తన బడి బోర్డు తనే పీకెయ్యాలి. ఫోషాన్‌లో నలుగురిలో తిరిగేవాడికి ఇంతకంటే చావే నయం.

తగువల్లా ఎడమా, కుడా అని. లూక్ తాతగురువు నేర్పిన కుంగ్‌ఫూ కొంగ వరసలో నూట ఎనిమిది అడుగులు. విరిగిన ఎముకలకు కట్లు కట్టే సెక్ దాన్ని ఎడమ చేత్తో మొదలుపెడతాడు. కాల్చిన బాతులమ్మే పూన్ కుడి చేత్తో. ఇతను ఎటు తిరిగితే అతను దానికి అవతలి వైపు. మిగతా అంతా ఒకటే.

ఆ ఒక్క తేడా మీద సెక్ తన బతుకంతా కట్టుకున్నాడు. గుండె ఎడమ పక్కనుంది కాబట్టి అసలు విద్య ఎడమదేనని తేల్చాడు. అతని శిష్యులు ఎడమ చేత్తోనే పుల్లలు పట్టి అన్నం తినాలి. ఎడమ కాలితోనే బస్సెక్కాలి. ఒకడు కాబోయే అత్తగారికి ఒంటి ఎడమ చేత్తో టీ ఇచ్చి సంబంధం చెడగొట్టుకుంటే, వాడికి పతకం వేశాడు.

"మా ఫూంగ్ గురువుగారు లూక్ గారి వరసని పన్నెండేళ్లు కళ్లారా చూసి నేర్చుకున్నారు" అన్నాడు సెక్ మూయి బామ్మ ఇంటి మెట్లెక్కుతూ.

"తాగి చూసుంటాడు. చేతులు తారుమారయ్యాయి" అన్నాడు పూన్.

"బాతు మెడలు కోసుకునేవాడివి, కొంగ సంగతి నీకెందుకోయ్?"

లూక్ వాకిట్లో సాధన చేసినవాళ్లంతా పోయారు. ఆ సాధన చూసినవాళ్లలో మిగిలింది మూయి బామ్మ ఒక్కతే. తొంభై నాలుగేళ్లు. ఒకప్పుడు ఆ వాకిలికి సరిగ్గా ఎదురుగా ఆవిడ కొట్టు ఉండేది. జన్మలో ఒక గుద్దు గుద్దిన మనిషి కాదు, కాబట్టి ఏ పక్షమూ లేదు, తీర్పు ఆవిడదే. అబద్ధం చెప్పదు. అదే ఆవిడతో బాధ అంటారు కోడళ్లు.

మంచం గోడకి జరిపి చోటు చేశారు. ముందు పూన్ వరస వేసి చూపించాడు. బామ్మ పుచ్చగింజలు నములుతూ చూసింది.

"ఒళ్లు బాగానే వంగుతోంది నాయనా. కానీ నేను చూసింది ఇది కాదు."

సెక్ లేచాడు. ఎడమ చెయ్యి ఎత్తాడు. మూడో అడుగుకే బామ్మ నమలడం ఆపేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదే! అచ్చం ఇదే! ఎడమ చెయ్యి ఇలాగే లేచేది. రోజూ పొద్దున్నే చూసేదాన్ని."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో బామ్మా" అన్నాడు పూన్.

"నా మనవళ్ల మీద ఒట్టు. ఎడమే."

పూన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. కీళ్లు ఫటఫటమన్నాయి.

"రేపు కొట్టుకి రా తమ్ముడూ, కట్టు కడతాను" అన్నాడు సెక్.

పూన్ రెండు చేతులా కప్పు పైకెత్తాడు. "తాగు... అన్నా."

సెక్ తాగాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏదీ అంత తియ్యగా దిగలేదు. దాంతో ఊరుకోవచ్చు. కానీ గెలిచినవాడికి ఆకలెక్కువ.

"మా ఫూంగ్ గురువుగారు నీకు గుర్తున్నారా బామ్మా? వీడికి వినబడేలా చెప్పు."

"గుర్తులేకేం! మేమిద్దరం నా కొట్టులోనే పక్కపక్కన నిలబడి చూసేవాళ్లం" అంది బామ్మ మురిసిపోతూ. "చేతిలో మంగలికత్తి, కత్తి కింద ఎవరిదో గొంతు, వీధికేసి తల తిప్పితే ఇంకేమన్నా ఉందీ, పన్నెండేళ్లూ ఎదురు గోడకున్న అద్దంలోనే చూశాం నాయనా!"