సావిత్రిగారి చెవి

“ఛీ, తియ్యవయ్యా దీన్ని నా కళ్ళ ముందు నుంచి” అన్నారు మాణిక్యాలరావుగారు, ఒళ్ళో స్టీల్ గిటారు పెట్టుకుని.

తియ్యమన్నది ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరుని. తియ్యాల్సినవాడు కొత్తపేటలో మైకుసెట్ల కొట్టున్న గంగబాబు. పొద్దున్నే రెండు పెట్టెలు ఆటోలో వేసుకొచ్చి హాల్లో పక్కపక్కన పెట్టేడు. ఒకటి పాతకాలపు వాల్వు పెట్టె, లోపల గాజు బుడ్లుంటాయి. రెండోది ట్రాన్సిస్టర్‌ది, కొత్త మోడలు. ఏదో ఒకటి ఉంచుకోండి, రెండోది మధ్యాహ్నానికి మండపేట పార్టీకి పోవాలి అన్నాడు. అప్పటికే పన్నెండు దాటింది.

తేల్చుకోక తప్పదు. ఆదివారం అమలాపురంలో పెన్షనర్ల సభలో మాణిక్యాలరావుగారి కచేరీ. పోయినేడు ఇదే సభలో ఆయన రెండో పాట ఎత్తుకునేసరికి జనం లేచిపోయి, అన్నం ఇంకా పొయ్యి మీద ఉండగానే ఖాళీ ఆకుల ముందు కూర్చున్నారు. తప్పంతా అద్దె పెట్టెదే అని ఆయన నమ్మకం. ఈసారి కూడా జనం లేస్తే జన్మలో గిటారు ముట్టనని ఒట్టేసుకున్నారు. ఆ ఒట్టు విన్న దగ్గర్నుంచీ వీధివాళ్ళు దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటున్నారు.

వాయింపు సంగతి చెప్పాలంటే, మొన్నొక రోజు ఇనప కడ్డీ పై తీగ మీద పెట్టి ఓ లాగు లాగేరు. పక్కింటి గేదె రెండు రోజులు పాలు చేపలేదు. మూడోనాడు చేపింది గానీ, పితికితే తోడుకున్న పెరుగే పడింది. నమ్మనివాళ్ళు వెళ్ళి అడగొచ్చు, ఆ పెరుగు తిన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

సరే, ఆయన వాల్వు పెట్టెకి తగిలించుకుని, కాసేపాగి, అదే పాట మళ్ళీ వాయించేరు. వేపకాయ కొరికినట్టు మొహం పెట్టేరు. ట్రాన్సిస్టర్‌ది రేకు డబ్బాని మేకుతో గీకినట్టుంటే, ఇది పడిశం పట్టినవాడు గోనెసంచిలో దూరి ఏడ్చినట్టుందన్నారు. గంగబాబు ఆయ్ అన్నాడు. పోనీ ట్రాన్సిస్టరే నయమేమో, వాయించింది వాయించినట్టు వినిపిస్తోంది అన్నారు. దానికీ ఆయ్ అన్నాడు.

“అన్నిటికీ ఆయ్ అంటే ఎలాగయ్యా? అసలు నీకు చెవులున్నాయా?”

“ఉన్నాయండి. అదేనండి బాధ.”

ఆ మాట ఆయనకి ఎక్కలేదు. కిటికీలోంచి కిళ్ళీ ఊసి, వెధవ పెట్టెలు, వెధవ సరుకు అని రెంటినీ కలిపి తిట్టేరు. గంగబాబు మాత్రం ట్రాన్సిస్టర్‌కే ఓటేసేడు. మొయ్యడానికి తేలిక, కరెంటు తగ్గినా నీరసపడదు, బుడ్డి మాడిపోయిందని చెన్నైదాకా వెతుక్కోనక్కర్లేదు అని చెప్పేడు. ఆయన మెత్తబడి, సరే దాన్నే ఉంచు అనబోయేరు.

వంటింట్లోంచి సావిత్రిగారు చింతపండు గుజ్జు చేతులతో గుమ్మంలోకి వచ్చేరు.

“ఏవండీ, వాల్వుదే ఉంచండి.”

మాణిక్యాలరావుగారు కడ్డీ కింద పెట్టేసేరు. ముప్ఫయ్యేళ్ళ కాపరంలో ఆయన వాయింపు గురించి మంచీ చెడూ అనని మనిషి ఆవిడ. ఎందుకని అడిగేరు.

“ట్రాన్సిస్టర్‌ది మరీ తొందరండీ, మీద పడిపోతుంది. వాల్వుది పెద్దమనిషి తరహా. ఆ నిదానం ట్రాన్సిస్టర్‌కి రాదు.”

ఆయన కళ్ళు చెమర్చేయి. మొహంలో చేదంతా దిగిపోయింది. విన్నావా, నాదంలో నిదానం ఎక్కడుందో పట్టేసింది, నువ్వూ ఉన్నావు చెవులేసుకుని అని గంగబాబుని కసిరేరు. గంగబాబు నసిగితే సావిత్రిగారు, ఆ ట్రాన్సిస్టర్ ఈ ఇంట్లో ఉంటే తాను నగరం అనే ఊళ్ళో చెల్లెలి దగ్గరికి పోతానని తెగేసి చెప్పేరు. ఇక మాట్లాడ్డానికేముంది. గంగబాబు రెంటి తీగలూ ఊడదీసి, ట్రాన్సిస్టర్ పెట్టె ఎత్తుకుని బయటికి నడిచేడు.

సావిత్రిగారు చేతులు కడుక్కుని గేటుదాకా వచ్చేరు. గంగబాబు పెట్టె ఆటోలో పెట్టి, ఉండబట్టలేక అడిగేసేడు.

“అమ్మగారండీ, ఇరవయ్యేళ్ళ నుంచి నాకిదే పనండి. అయ్యగారు వాయిస్తే రెండు పెట్టెలూ నాకు ఒక్కలాగే ఏడిచాయండి. మీకు అంత తేడా ఎలా తెలిసిందండి?”

లోపల వాల్వు పెట్టె స్విచ్చి టక్కుమంది. సావిత్రిగారు గబగబా చెప్పుల్లో కాళ్ళు దూర్చేరు.

“నువ్వు పట్టుకెళ్ళేది స్విచ్చి వెయ్యగానే అందుకుంటుంది నాయనా. ఇదైతే వేడెక్కి నోరు తెరిచేలోగా నేను ఎదురింటి బుల్లెమ్మగారి దగ్గరికెళ్ళి తలుపేసేసుకుంటాను.”