ముందు వరస కుర్చీ

“ఆ హారం మా అమ్మది,” అంది బ్రాన్విన్ గుమ్మం అవతలే నిలబడి. సముద్రం ఒడ్డునున్న జెరాల్డ్‌టన్ ఊరి గాలి ఆమె జుట్టునంతా ఒక పక్కకి లాగేస్తోంది.

“మీ అమ్మదే. మీ నాన్న నా పేర రాసిపోయాడు,” అంది మెర్ల్. “లోపలికొచ్చి పోట్లాడు. ఇల్లంతా ఇసుక పడుతోంది.”

ఆర్నెల్లుగా ఇదే గొడవ. ఇరవైమూడు నల్ల ముత్యాలు. దీవుల దగ్గర రొయ్యల పడవ నడిపిన రోజుల్లో బ్రాన్విన్ తండ్రి డెస్ మొదటి భార్యకి కొన్నవి. రెండో భార్యకి మిగిల్చి వెళ్లినవీ అవే.

బ్రాన్విన్ లోపలికొచ్చి కూర్చుంది. ఉన్నట్టుండి ఏడవడం మొదలెట్టింది. ఇది మెర్ల్‌కి కొత్త.

“నాకు పెళ్లి కుదిరింది.”

“అబ్బాయేడీ? ఎప్పుడూ చూపించలేదే?”

“గనుల్లో పని. మూడు వారాలు అక్కడ, వారం ఇక్కడ. ఆ వారమంతా నిద్రే. నేనే సరిగ్గా చూడలేదు, నీకేం చూపించను?”

మెర్ల్ నవ్వేసింది. ఆ ఊరి అల్లుళ్లలో సగం మంది అలాంటివాళ్లే.

“అమ్మ ముత్యాలు తల మీద పెట్టుకుని చర్చిలో నడవాలనుంది. నువ్వు తీగతో అల్లుతావుగా, కిరీటం చేసివ్వవా?”

“అరువుగానా?”

“నాకే.” బ్రాన్విన్ కళ్లు తుడుచుకుంది. “ముందు వరసలో పెళ్లికూతురి తల్లికో కుర్చీ వేస్తారు కదా. అది ఖాళీగా ఉంటే నేను నడవలేను. నువ్వు కూర్చోవా... అమ్మా?”

పదకొండేళ్లుగా ఆ నోట ‘మెర్ల్’ తప్ప మరో పిలుపు లేదు. అదీ ఉప్పు అందించాల్సి వచ్చినప్పుడే.

మర్నాడే మెర్ల్ హారం విప్పింది. ముత్యానికీ ముత్యానికీ మధ్యనున్న ముడులు ఒక్కొక్కటే కత్తిరిస్తుంటే, డెస్ ఇచ్చినదాన్ని తన చేత్తోనే చంపుతున్నట్టనిపించింది. అయినా ఆపలేదు. రంధ్రాలు మరీ సన్నం, మామూలు తీగ దూరదు. వెంట్రుకంత వెండితీగ తెప్పించి, రెండేసి పోగులు పేని, ఆకుల్లా వంచి, నడుమ నడుమ ముత్యాలు బిగించింది. వేళ్ల కొసలు చిట్లిపోయాయి. ఆ పదిహేను రోజులూ పొయ్యి వెలిగిస్తే ఒట్టు.

శనివారం బ్రాన్విన్ వచ్చింది. కిరీటం పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ చూసుకుంది. తీసి, ముత్యాలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది.

“ఇరవైమూడూ ఉన్నాయే!”

“ఉండవా మరి? దొంగనా నేను?”

“ఛ, ఊరికే అన్నానమ్మా. గుర్తుగా ఉంటుంది, నాకే ఇచ్చినట్టు నీ చేత్తో రెండు ముక్కలు రాసివ్వవూ?”

ఆ ‘అమ్మా’కి మెర్ల్ కరిగిపోయింది. ‘బ్రాన్విన్‌కి, ప్రేమతో, నా కానుక’ అని రాసి, కింద సంతకం చేసి, అడగ్గానే తేదీ కూడా వేసింది.

కారు దాకా వెంట నడిచింది.

“పెళ్లికి పెట్టుకోడానికి కొట్లో నీలం టోపీ ఒకటి చూశానే. ముందు వరసలో కూర్చునేదాన్ని కదా, మరీ ఆర్భాటంగా ఉంటుందంటావా?”

బ్రాన్విన్ కిరీటం ఉన్న పెట్టెని పక్క సీట్లో భద్రంగా పెట్టి, బండి స్టార్ట్ చేసి, అద్దం దించింది.

“కొనేసుకో మెర్ల్. పెళ్లికొడుకు దొరకగానే కబురు చేస్తాను.”