వడపోసిన మాటలు

లింఫోమా క్యాన్సరుకి మూలకణాల మార్పిడి చేయించుకున్న మస్తానయ్య పంతొమ్మిది రోజులుగా ఆసుపత్రి గాజుగదిలో ఒంటరిగా ఉన్నాడు. భార్య కోటమ్మ రోజూ ఇంటి నుంచి గోడ మీది తెరలో నవ్వుతూ కనిపించి, "ఇక్కడంతా బాగుంది. మీరు హాయిగా ఉండండి" అంటోంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అతన్ని ‘మీరు’ అన్నదే లేదు.

"ఈ తెర మా ఆడదాని మాటలు మారుస్తా ఉందా?" అని నర్సు జీవనని నిలదీశాడు.

"పేషెంటుకి దిగులు పుట్టించేవి ఏవైనా సరే, మాటైనా మొహమైనా, అదే సరిచేసి చూపిస్తుంది బాబాయ్. ఇప్పుడు అన్ని ఆసుపత్రుల్లో ఇంతే."

"నోరంతా పుండ్లు, లేచి నిలబడే ఓపిక లేదు. పెళ్లాం మాట కూడా నాకు దక్కనీరా? అది ఆపేదాకా ముద్ద ముట్టను."

రెండు పూటలు అలాగే మొండికేశాడు. చివరికి జీవన డాక్టరుని ఒప్పించి ఆ సరిచేయడాన్ని ఆపించింది. తెరలో కోటమ్మ ఉబ్బిన కళ్లతో, రేగిన జుట్టుతో కనిపించింది.

"తిండి మానేశావంట! నువ్వు పోతే నేనెట్టా బతకాలనుకున్నావయ్యా?" అని భోరుమంది.

మస్తానయ్య ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు.

"నువ్వు తిన్నావా?"

"లేదు."

"పోయి కంచం తెచ్చుకో. ఇద్దరం తిందాం" అన్నాడు, జావగిన్నె అందుకుంటూ.