రెండు రింగులు

కళ్ళు మూసుకోమని డాక్టర్ విద్యాసాగర్ ఎంత చెప్పినా మాసమ్మ మూసుకోలేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఇది నిద్రనా సారూ?" అని అడిగింది.

"నిద్ర కాదమ్మా. నేను మాట్లాడేది నీకు వినబడుతనే ఉంటది."

"మరి కలనా?"

"కలకు చుట్టం అనుకో. కల దానంతటదే వస్తది, ఎటు పోతదో మన చేతిల ఉండదు. దీంట్ల నేను పక్కనుండి దారి చూపిస్త. అంతే తేడా."

మాసమ్మ మొగుడి వైపు చూసింది. గోడ పక్కన నిలబడ్డ పీరయ్య తల దించుకున్నాడు. ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది అతనే. నారాయణగూడలోని ఈ మేడకు సున్నం వేసే పనిలో ఉండగా, పరీక్షల భయంతో వచ్చే అశోక్ నగర్ పిల్లలు ఈ గదిలోంచి తేటపడిన మొహాలతో బయటికి రావడం చూశాడు. హిప్నాటిజం అంటే ఏమిటో అతనికి తెలియదు. చాలా రోజులు వెనకాముందాడి, ఒక్కటే కల నా పెండ్లాన్ని తినేస్తుంది, జర చూడండని చివరికి డాక్టర్‌ను అడిగాడు.

ఆ కలలో ఫోన్ మోగుతుంది. చేసేది కొడుకు నగేష్. మాసమ్మ ఎత్తదు. మోగి మోగి ఆగిపోతుంది, ఆమెకు మెలకువ వస్తుంది.

నిజంగా జరిగిందీ అంతే. నగేష్ అశోక్ నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువు కోసం చదివేవాడు. తల్లీతండ్రీ అప్పుడు పటాన్‌చెరువు దిక్కు బిల్డింగు పనిలో ఉన్నారు. రోజూ పొద్దుగూకాక వాడు మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. రెండు రింగులు మోగి ఆగితే తిన్నానని అర్థం. ఎత్తితే వాడి ఫోన్‌లో బ్యాలెన్స్ పోతుంది కాబట్టి ఎత్తకూడదు. ఆ రోజు మాత్రం రెండు రింగులకు ఆగలేదు. చివరిదాకా మోగింది. మళ్ళీ మోగింది. కట్ చేసుడు మరిచిండు పిచ్చోడు అని మాసమ్మ నవ్వుకుంది కూడా. తెల్లవారి హాస్టల్ వాళ్ళు ఫోన్ చేసి చెప్పారు, జ్వరం ముదిరి నగేష్ పోయాడని.

ఏడాది దాటింది. ఇప్పుడు మాసమ్మ చీకటి పడకముందే చాప పరుస్తుంది. పగలు కూడా ఎక్కడ నీడ దొరికితే అక్కడ ఒరుగుతుంది. తిండి మీద ధ్యాస లేదు. మొన్న ఇసుక గంప నెత్తిన పెట్టుకుని మెట్ల మీద తూలింది. పక్కనున్నవాళ్ళు పట్టుకోకపోతే పీరయ్యకు ఆమె కూడా దక్కేది కాదు.

"కలలో చెయ్యి రాక ఎత్తుత లేదు," అన్నాడు డాక్టర్. "ఇయ్యాల ఇక్కడ ఎత్తిస్త. కొడుకుతోని మాట్లాడిస్త. ఒక్కసారి ఎత్తితే చాలు, ఆ కల పీడ పోతది."

"మల్ల రాదు గద సారూ?" పీరయ్య ఆశగా అడిగాడు.

"రానే రాదు."

మాసమ్మ లేచి నిలబడింది. పనికి ఆలస్యమైతుందని, మేస్త్రీ ఊరుకోడని గొణిగింది. పీరయ్య వచ్చి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కూర్చోబెట్టాడు.

"జర మూసుకోవే. వాడేమన్న అంటడని భయపడకు. అంటే నన్ను అనమను. ఎత్తొద్దని చెప్పింది నేనే గద."

ఆ మాట విని మాసమ్మ కళ్ళు మూసుకుంది.

డాక్టర్ నెమ్మదిగా మాట్లాడసాగాడు. కాళ్ళు బరువెక్కుతున్నాయన్నాడు, చేతులు బరువెక్కుతున్నాయన్నాడు. కుర్చీని పట్టుకున్న ఆమె వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. పొద్దుగూకింది, పని అయిపోయింది, సిమెంటు సంచి మీద ఫోన్ ఉంది అన్నాడు.

"మోగుతున్నదా అమ్మా?"

"మోగుతుంది."

"ఎన్ని రింగులైనయ్?"

"రెండు దాటినయ్."

మాసమ్మ పెదవులు విచ్చుకున్నాయి. ఏడాదిగా ఆమె మొహంలో అంత వెలుగు పీరయ్య చూడలేదు. డాక్టర్ చేతిలో ఏదో మహిమ ఉందనుకున్నాడు.

"చెయ్యి చాపు. ఫోన్ తీసుకో."

మాసమ్మ చెయ్యి లేచింది. లేని ఫోన్ చుట్టూ వేళ్ళు ముడుచుకున్నాయి.

"ఇప్పుడు ఎత్తు."

బొటనవేలు కదల్లేదు.

"భయమైతున్నదా?"

"లేదు."

"కొడుకు కోపం చేస్తడనా?"

"నా కొడుకు కోపం చెయ్యడు."

"మరి ఎత్తమ్మా. ఏమంటడో విను."

పీరయ్య ముందుకు వంగాడు. కొడుకు పోయినప్పటి నుంచి అతనికి ఒక్క కలా రాలేదు. ఆ ఆఖరి మాటేదో భార్య నోటి నుంచైనా వినాలని ఉంది.

"ఎత్తవే," అన్నాడు. "నీ కాల్మొక్త, ఒక్కసారి ఎత్తు."

మాసమ్మ ఆ పిడికిలిని రొమ్ముకు హత్తుకుంది. మూసిన కళ్ళ కిందనుంచి నీళ్ళు కారుతున్నా, పెదవుల మీది నవ్వు పోలేదు.

"ఎత్తను సారూ. ఎత్తితే ఇగ నా కొడుకు మల్ల ఫోన్ చెయ్యడు."